ఓడెక్కే ముందు పదిరోజులు

సీతమ్మధారలో ఒక అపార్టుమెంటు, మూడో అంతస్తులో ఒక ఇల్లు ఊహించుకోండి. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. ఆవకాయ సీసా మూతకు టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టారు. కందిపొడి ఒక పక్క, బాయిలర్ సూట్ ఒక పక్క. పాస్‌పోర్టు, నావికుడి గుర్తింపు పుస్తకమైన సీడీసీ, మెడికల్ సర్టిఫికెట్ ఒకే ఫైల్లో ఉన్నాయి. అబ్బాయి ఆరు రోజుల్లో అంగోలాలోని లువాండా చేరి ఓడెక్కాలి. ఎల్లో ఫీవర్ సూది ఒక్కటే మిగిలింది. "ఎల్లుండి వేయించేసుకుంటే సరిపోద్ది కదా నాన్నా" అంటోంది తల్లి.

సరిపోదు. సూది కోసం ఊరు దాటి వెళ్లనక్కర్లేదు, విశాఖలోనే పోర్టు హెల్త్ ఆర్గనైజేషన్ వేస్తుంది. చిక్కంతా తేదీతోనే. ఈ టీకాలో ఉండేది చచ్చిన వైరస్ కాదు, బలం తగ్గించిన బతికున్న వైరస్. కోడి పిండాల కణజాలంలో మళ్లీ మళ్లీ పెంచి దాని కోరలు తీసిన శాస్త్రవేత్త మాక్స్ థీలర్. ఆ పనికే 1951లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వైరస్ ఒంట్లో కొంచెం పెరగాలి, శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టాలి, ఎదుర్కొనే ప్రతిరక్షకాలు తయారుచేసుకోవాలి. అందుకు పది రోజులు కావాలి. టీకా ధ్రువపత్రంగా ఇచ్చే పసుపు పుస్తకంలో ముద్ర ఏ రోజు పడినా, అది చెల్లేది సూది వేసిన పదో రోజు నుంచే. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. 2016 జులై దాకా మాత్రం పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది.

ఈ పది రోజుల నియమాన్ని కాగితాల తంతుగా తీసిపారేస్తే ఏమవుతుందో అదే 2016లో అదే అంగోలా చూపించింది. లువాండాలో మొదలైన ఎల్లో ఫీవర్ అక్కడ పనికి వెళ్లిన చైనా కార్మికులకు సోకింది. వారిలో 11 మంది ఆ జబ్బుతోనే ఇంటికి తిరిగొచ్చారు. అంతకు ముందు ఆసియాలో ఒక్క ఎల్లో ఫీవర్ కేసు కూడా నిర్ధారణ కాలేదు. ఆసియాలో ఆ వైరస్ లేదు, కానీ దాన్ని మోసే దోమ ఉంది. విశాఖ వీధుల్లో డెంగీ అంటించే ఏడిస్ ఈజిప్టై దోమే అది. టీకా లేకుండా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వచ్చేవారిని భారత్ ఆరు రోజుల దాకా విడిగా ఉంచడానికి కారణం ఇదే. వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడటానికి పట్టే కాలం మూడు నుంచి ఆరు రోజులు. ఆలోగా ఆ మనిషిని కుట్టిన దోమ సీతమ్మధారలో మరొకరిని కుట్టకూడదు.

విదేశాల్లో పనిచేసేవారి భద్రత అనగానే సముద్రపు దొంగలు, క్షిపణులు, విమానాల్లో తరలింపులు గుర్తొస్తాయి. వాటి సంగతీ ముందుకొస్తుంది. అయితే ప్రాణం నిలిచేదీ పోయేదీ ఎక్కువసార్లు ఇలాంటి రోజుల లెక్క దగ్గరే. ఆ లెక్క ఇంట్లో ఉండగానే వేసుకోవాలి.

గల్ఫ్ ఎండకూ ఇలాంటి లెక్కే ఉంది. విశాఖవాసులకు ఎండకూ ఉక్కకూ తేడా చెప్పనక్కర్లేదు. అనంతపురంలో 41 డిగ్రీలు కాసిన రోజున ఇక్కడ 35 మాత్రమే ఉండొచ్చు, కానీ చొక్కా ఒంటికి అంటుకుపోయి ఆరనే ఆరదు. కష్టమంతా ఆ ఆరకపోవడంలోనే ఉంది. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని ఒంట్లోంచి లాక్కుపోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట వల్ల నీరూ ఉప్పూ పోవడమే తప్ప ఒళ్లు చల్లబడదు. అందుకే పనిచోట ప్రమాదాన్ని మామూలు థర్మామీటరుతో కొలవరు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేదానికి 70 శాతం, ఎండలో పెట్టిన నల్లగోళం చూపేదానికి 20 శాతం, మామూలు గాలి వేడికి 10 శాతం విలువ ఇచ్చి ఒక సూచీ తీస్తారు. దాని పేరు డబ్ల్యూబీజీటీ. ఖతార్ 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం ఈ సూచీ 32.1 దాటితే గంట ఎంతయినా సరే బయట పని ఆపేయాలి. అది కాక జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. యూఏఈలో నిషేధం మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకే.

శరీరం వేడికి అలవాటు పడుతుంది, అయితే ఒక్క రోజులో కాదు. ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. అమెరికాలోని కార్మికారోగ్య సంస్థ నియోష్ చెప్పే పద్ధతి ఇది: కొత్తగా వచ్చినవాడు మొదటి రోజు వేడిలో చేసే పని అయిదో వంతు మించకూడదు, తర్వాత రోజుకు అయిదో వంతు చొప్పున పెంచుకుంటూ పోవాలి. పాతవాళ్లు మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. వేడికి దూరంగా వారం ఉంటే ఆ అలవాటు సడలడం మొదలై, నెల తిరిగేసరికి చాలావరకు పోతుంది. అంటే రెండు నెలల సెలవుకు వచ్చి, పెళ్లి చేసుకుని, ఇంట్లో ఫ్యాను కింద గడిపి జులైలో తిరిగి వెళ్లే పదేళ్ల అనుభవజ్ఞుడి శరీరం వేడి విషయంలో మళ్లీ కొత్త కార్మికుడి శరీరమే. మేస్త్రీకి అతని అనుభవం కనబడుతుంది, గుండెకు మాత్రం కొత్తే.

ఖతార్‌లో 2009 నుంచి 2017 దాకా చనిపోయిన నేపాలీ కార్మికుల వివరాలను వాతావరణ లెక్కలతో పోల్చిన అధ్యయనం ఒకటి 2019లో వెలువడింది. గుండె, రక్తనాళాల కారణాలతో పోయినవారు 571 మంది. వేడి నుంచి సరిగా కాపాడి ఉంటే వారిలో 200 మంది దాకా బతికేవారని ఆ పరిశోధకుల అంచనా. మరణ ధ్రువపత్రాల్లో "సహజ మరణం" అని రాసిన పాతికేళ్ల, ముప్పయ్యేళ్ల మనుషుల గురించి ఇది.

మూత్రపిండాల సంగతి ఉత్తరాంధ్రకు మరీ దగ్గరిది. మధ్య అమెరికా చెరకు తోటల్లో ఎండలో నీళ్లు చాలక రోజూ ఎండిపోయే శరీరాల్లో కిడ్నీలు మెల్లగా దెబ్బతినడం వైద్యులు చాలాకాలంగా చూస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. ఆ కొబ్బరి తోటల ఊళ్ల నుంచే వెల్డర్లు, రిగ్గర్లు గల్ఫ్ బాట పడుతున్నారు. వీసా మెడికల్‌లో అడిగినా అడగకపోయినా, ఆ ప్రాంతపు కుర్రాడు విమానం ఎక్కేముందు సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం ఎంతో మంచిది. ఆ ఒక్క రక్త పరీక్షకు అయ్యే ఖర్చు అతని సామాను మీద కట్టే అదనపు రుసుముకన్నా తక్కువ.

పని ముగించుకుని పడుకున్న చోటూ లెక్కలోకి వస్తుంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనానికి నిప్పంటుకుని 50 మంది దాకా చనిపోయారు. వారిలో 45 మంది భారతీయులు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. మంటల కన్నా పొగే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవాడికి మెలకువే రాదు. క్యాంపయినా హోటలయినా, వెళ్లిన మొదటి రాత్రే గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోవాలని భద్రతా శిక్షకులు చెబుతారు. పొగలో కళ్లు పనిచేయవు, అప్పుడు గోడను తడుముకుంటూ లెక్కించగలిగేవి తలుపులే.

విశాఖను కుదిపేసిన ఉదంతం మాత్రం కాంబోడియా నుంచి వచ్చింది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర రూపాయల దాకా తీసుకుని, బ్యాంకాక్ మీదుగా కాంబోడియాకు తరలించి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. విశాఖ ప్రాంతం నుంచే 150 మంది దాకా వెళ్లారని పోలీసులు చెప్పారు. మే 20న సిహనౌక్‌విల్‌లో వందలమంది భారతీయులు తిరగబడ్డారు. ఆ వారంలోనే 25 మంది విశాఖ విమానాశ్రయంలో దిగారు. డిగ్రీలు చదివి, కంప్యూటర్ తెలిసిన పిల్లలే వాళ్లంతా. వారిని కాపాడగలిగే సమాచారం బయలుదేరకముందే వారి చేతిలోని కాగితాల్లో ఉంది. వలస చట్టం కింద నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము పన్నులు కాక 30,000 రూపాయలకు మించకూడదు. నమోదైన ఏజెంట్ల పేర్లు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఉద్యోగం ఒక దేశంలో, టికెట్ మరో దేశానికి, చేతిలో టూరిస్టు వీసా: ఈ మూడూ కలిస్తే ఇంటి దగ్గరే ఆగిపోవాలి. ఓడ ఉద్యోగాలకు డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉన్న సంస్థలే సిబ్బందిని తీసుకోవాలి, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి డబ్బు తీసుకోకూడదు.

వలస తనిఖీ అవసరమైన (ఈసీఆర్) పాస్‌పోర్టుతో గల్ఫ్ వంటి దేశాలకు వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. రెండేళ్లకు కట్టాల్సింది పన్నులు కాక 275 రూపాయలు. ఆ పాలసీ కాగితం సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లిపోతే ఇక్కడ ఇంట్లోవాళ్లకు దాని సంగతే తెలియదు. ఒక నకలు ఇంట్లో ఉండాలి.

ఇక సముద్రం. ఓడను దొంగలు చుట్టుముడితే సిబ్బంది తిరగబడి కొట్లాడటం మంచి పద్ధతి కాదు. ఓడలో సిటడెల్ అనే గట్టి గది ఉంటుంది: లోపలి నుంచి బిగించుకునే ఉక్కు తలుపులు, నీళ్లు, తిండి, బయటి ప్రపంచంతో మాట్లాడే ఏర్పాటు, కుదిరితే అక్కడి నుంచే ఇంజన్ ఆపేసే వీలు. 2024 జనవరిలో సోమాలియా తీరాన లీలా నార్ఫోక్ ఓడ మీద సాయుధులు ఎక్కినప్పుడు అందులోని 21 మంది, వారిలో 15 మంది భారతీయులు, అలాంటి గదిలోకే చేరారు. ఐఎన్ఎస్ చెన్నై నుంచి వెళ్లిన భారత నౌకాదళ మార్కోస్ కమాండోలు ఓడంతా గాలించారు. దొంగలు అప్పటికే జారుకున్నారు. బందీలు లేరు కాబట్టి బేరానికి ఆస్కారం లేకపోయింది.

అదే నెల 26న ఏడెన్ సింధుశాఖలో నాఫ్తా మోసుకెళ్తున్న మార్లిన్ లువాండా మీద హౌతీల క్షిపణి పడింది. నాఫ్తా పెట్రోలు లాంటిది, ఇట్టే అంటుకుంటుంది. ఓడలో ఉన్నది 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. సాయానికి వచ్చినవాటిలో మన ఊరి పేరు మోసే ఐఎన్ఎస్ విశాఖపట్నం కూడా ఉంది. ఆ యుద్ధనౌక నుంచి పదిమంది అగ్నిమాపక నిపుణులు ఓడెక్కి, సిబ్బందితో కలిసి ఆరు గంటలు పోరాడి మంటలను అదుపులోకి తెచ్చారు. ఆ ఓడ కెప్టెన్ అవిలాష్ రావత్‌కూ, సిబ్బందికీ అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2024 ధైర్యసాహసాల పురస్కారం ఇచ్చింది. ఆ ఆరు గంటల వెనక ఓడ మీద విసుగ్గా అనిపించే ఫైర్ డ్రిల్లులు ఎన్నో ఉంటాయి.

ఆరోగ్యం వేరు, భద్రత వేరు అనుకోవడం ఎంత పొరపాటో ఎంటీ డ్యూక్ చెబుతుంది. 2019 డిసెంబర్ 15న ఆ ట్యాంకరు లువాండా నుంచి టోగోలోని లోమేకు వెళ్తుండగా దొంగలు 20 మంది భారతీయులను ఎత్తుకుపోయారు. మరుసటి నెల, జనవరిలో, 19 మందే విడుదలయ్యారు. ఒకరు చెరలోనే చనిపోయారు. పశ్చిమాఫ్రికాలో బందీ అయినవాడికి తుపాకీ ఎంత ప్రమాదమో దోమా, మురికినీరూ, అందని మందూ అంతే ప్రమాదం. బీపీకో షుగరుకో రోజూ మాత్రలు వేసుకునే మనిషికి ఆ ప్రమాదం రెట్టింపు.

కోటూ లాప్‌టాపుతో వెళ్లేవారికీ లెక్కలున్నాయి. నాలుగు గంటలకు మించిన విమాన ప్రయాణం కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో తేల్చింది. అయినా అలాంటి గడ్డ ఏర్పడేది ఆరు వేల ప్రయాణాల్లో ఒకదానిలోనే. మధ్యమధ్య లేచి నడవడం, పిక్కలు కదిలించడం చాలామందికి చాలు. దీనికన్నా పెద్ద ప్రమాదం దిగాక మొదలవుతుంది. ఇరవై గంటల ప్రయాణం తర్వాత, నిద్రలేని కళ్లతో, రోడ్డుకు కుడివైపు నడపాల్సిన దేశంలో అద్దె కారు స్టీరింగ్ పట్టుకోవడం. ప్రపంచంలో రోడ్డు ప్రమాదాల్లో ఏటా దాదాపు 12 లక్షల మంది చనిపోతున్నారు. మొదటి రోజు టాక్సీ ఖర్చు కంపెనీ భరించాలి. ప్రయాణ ముప్పుల మీద 2021లో వచ్చిన ఐఎస్ఓ 31030 మార్గదర్శకం చెప్పేదీ ఈ బాధ్యతనే: పంపించే సంస్థ ముందుగా ముప్పు అంచనా వేయాలి, ఉద్యోగి ఎక్కడున్నాడో తెలిసి ఉండాలి, అవసరమైతే వెనక్కి తెచ్చే ఏర్పాటు చేయాలి.

ఇంటికి చేరాక కూడా లెక్క ముగియదు. మలేరియా నివారణకు డాక్సీసైక్లిన్ వేసుకునేవారు ఆ ప్రాంతం వదిలాక నాలుగు వారాలు కొనసాగించాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు. ఇంటికొచ్చేశాం కదా అని మాత్రలు ఆపేస్తే కాలేయంలో దాగిన పరాన్నజీవి రక్తంలోకి దిగుతుంది. ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరం రకం చికిత్స ఆలస్యమైతే కొద్ది రోజుల్లోనే మెదడు దాకా పోగలదు.

లువాండా నుంచి సైన్ ఆఫ్ అయి వచ్చిన కుర్రాడికి సీతమ్మధారలో పన్నెండో రోజు చలిజ్వరం వస్తే, వానాకాలం కాబట్టి ఇంట్లో పారాసిటమాల్ ఇస్తారు. వీధి చివర డాక్టరు డెంగీ అనుకుంటారు, ఆ అనుమానం సహజమే. కుర్రాడు కుర్చీలో కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట జ్వరం ఎంతుందో కాదు, "డాక్టరుగారూ, పన్నెండు రోజుల క్రితం నేను అంగోలాలో ఉన్నాను" అని. మలేరియా పరీక్షకు వేలి కొనమీద ఒక చుక్క రక్తం, ఒక చిన్న పట్టీ, పావుగంట చాలు. గీత రెండోది పడిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.