తొలకరికి తొందరపడవద్దన్న సెల్‌ఫోను

దేవనకొండ: తొలివాన పడగానే విత్తాలా, వేచి చూడాలా? కర్నూలు జిల్లాలో వర్షాధారంగా వేరుశనగ సాగు చేసే రైతుకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. విత్తిన తరువాత వాన మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలంటే మళ్లీ అప్పు చేయవలసిందే.

2016 ఖరీఫ్‌లో దేవనకొండ మండలానికి చెందిన 175 మంది రైతులకు దీనికి జవాబు సెల్‌ఫోనులో, తెలుగు సందేశంగా అందింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ఈ ప్రయోగం చేపట్టాయి. 1986 నుంచి 2015 వరకు నమోదైన వాతావరణ వివరాలను కంప్యూటరుతో విశ్లేషించి, నేలలోని పదును పైరు అవసరానికి ఎంతమేరకు సరిపోతుందో లెక్కగట్టారు. దానికి రాబోయే రోజుల వాన అంచనాను జోడించి విత్తవలసిన వారాన్ని నిర్ణయించారు. జూన్ మొదటి వారంలోనే విత్తే అలవాటున్న రైతులను ఆగమన్నారు. నాలుగో వారంలో, అంటే ఆరుద్ర కార్తెలో, విత్తమన్నారు. తొలకరి వేళ దాదాపు మూడు వారాలు గొర్రు పక్కన పెట్టి కూర్చోవడం రైతుకు తేలికేమీ కాదు.

విత్తనశుద్ధి, విత్తే లోతు, భూసార పరీక్షను బట్టి ఎరువుల మోతాదు, కాయల నిల్వ వరకు సందేశాలు పంపారు. పొలంలో పరికరాలేవీ అమర్చనక్కరలేదు; మామూలు ఫోను చాలు. సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చినట్లు నిర్వాహకులు ప్రకటించారు. 2017లో ఈ సేవను ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో మూడు వేల మందికి పైగా రైతులకు విస్తరించారు.

అయితే ఒక ఊరిలో కురిసిన వాన పక్క ఊరిలో కురవకపోవడం ఇక్కడ మామూలే. సందేశం వచ్చినా గుప్పెడు మట్టి పిసికి పదును చూసుకున్నాకే గొర్రు కట్టడం మేలు.