మెస్సీయలు, క్రైస్తవ ఆరంభం: అపోహలు – వాస్తవాలు

యేసు కాలంనాటి యూదులందరూ ఒకే రకమైన మెస్సీయ కోసం ఎదురుచూశారన్నది బాగా పాతుకుపోయిన అపోహ. మెస్సీయ అంటే అభిషిక్తుడు. హీబ్రూ లేఖనాల్లో రాజుకూ యాజకుడికీ ఆ మాట వర్తించేది; యెషయా గ్రంథం పారసీక చక్రవర్తి కోరెషును కూడా అలాగే పిలిచింది. రాబోయే విమోచకుడు ఎలా ఉంటాడన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. కొందరు దావీదు వంశపు రాజును ఆశించారు. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో 1947 నుంచి బయటపడిన చుట్టల్లో ఒక నియమావళి ఇద్దరు అభిషిక్తుల గురించి చెబుతుంది: ఒకరు అహరోను పక్షాన, మరొకరు ఇశ్రాయేలు పక్షాన. మెస్సీయ ఊసే లేని యూదు రచనలూ ఆనాటివి ఎన్నో ఉన్నాయి.

జనాన్ని కదిలించినవాడు యేసు ఒక్కడే అనుకోవడమూ పొరపాటే. క్రీ.పూ. 4లో యూదయ రాజు హేరోదు చనిపోగానే అతని దాసుడు సీమోను కిరీటం పెట్టుకుని యెరికోలోని రాజభవనాన్ని తగలబెట్టాడు. అథ్రోంగెస్ అనే గొర్రెల కాపరి నలుగురు సోదరులను వెంటబెట్టుకుని తానే రాజునన్నాడు. క్రీ.శ. 6లో రోమన్లు పన్నుల కోసం జనాభా లెక్కలు రాయిస్తే గలిలయుడైన యూదా ఎదురుతిరిగాడు. 44–46 మధ్య థూదా జనాన్ని యొర్దాను ఒడ్డుకు నడిపించి, తన మాటతో నది రెండుగా చీలుతుందన్నాడు. రోమన్ అశ్వికదళం అతని తల నరికి యెరూషలేముకు తెచ్చింది. రోమన్ అధిపతి ఫేలిక్సు పాలనలో ఐగుప్తు నుంచి వచ్చిన ఒక ప్రవక్త, ఒలీవల కొండ మీదికి జనాన్ని పోగుచేసి, తన ఆజ్ఞతో నగర ప్రాకారాలు కూలుతాయన్నాడు. జనాన్ని యొర్దాను దాటించి యెరికో గోడలు కూల్చిన యెహోషువ కథనే ఈ ఇద్దరూ మళ్లీ నడిపించాలనుకున్నట్టు కనిపిస్తుంది.

వీళ్ల గురించి ఎక్కువగా తెలిసేది యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాతల వల్లే. ఆయన వీరిలో ఎవరినీ మెస్సీయ అనలేదు. కొందరు రాజులమనీ కొందరు ప్రవక్తలమనీ చెప్పుకున్నారని రాశాడు. అందరినీ ఒకే గాటన కట్టి మెస్సీయలనడం తర్వాతి రచయితల తొందరపాటు.

యేసును చంపింది యూదు జాతి అన్నది అపోహల్లోకెల్లా ఘోరమైనది. శతాబ్దాల పాటు ఎందరో యూదుల ప్రాణాలు తీసింది. సిలువ రోమన్ శిక్ష. దాన్ని అమలు చేయించింది 26–36 మధ్య యూదయను పాలించిన పిలాతు. మోపిన నేరం యూదుల రాజుననడం. యెరూషలేములోని ప్రధాన యాజకుల పాత్ర గురించి సువార్తలు చెబుతాయి, కానీ కొందరు అధికారుల చర్యను జాతి మొత్తానికి అంటగట్టడం అన్యాయం. ఆ నింద చెల్లదని కాథలిక్ సంఘం 1965లో రెండో వాటికన్ మహాసభలో అధికారికంగా ప్రకటించింది.

యేసు మరణంతోనే కొత్త మతం పుట్టిందన్నదీ నిజం కాదు. నాయకుడు చనిపోతే అనుచరులు చెదిరిపోవడం ఆనాడు మామూలు. యేసు శిష్యులు మాత్రం ఆయన తిరిగి లేచాడని ప్రకటించారు. దాదాపు 54లో కొరింథీయులకు రాసేనాటికే యేసును ప్రకటించిన పౌలు ఆ నమ్మకాన్ని తనకు అందిన సంప్రదాయంగా చెప్పాడు. అయినా ఆ శిష్యులు యూదులుగానే ఉన్నారు, దేవాలయానికి వెళ్లారు. పౌలు కూడా కొత్త మతం పెడుతున్నానని ఎక్కడా అనలేదు. వివాదమల్లా యూదులు కానివాళ్లకు సున్నతి కావాలా, వాళ్లతో కలిసి భోంచేయవచ్చా అన్నదాని మీద. అంతియొకయలో పౌలు యేసు శిష్యుడైన పేతురును అందరి ముందూ నిలదీసింది ఈ భోజనం విషయంలోనే.

70లో రోమన్లు దేవాలయాన్ని నాశనం చేశాక యేసు అనుచరులకూ ఇతర యూదులకూ మధ్య దూరం పెరిగింది. 132లో రోముపై తిరుగుబాటు లేవదీసిన బార్ కోఖ్బాను రబ్బీ అకీవా మెస్సీయగా గుర్తించాడని తల్మూదు చెబుతుంది. యేసునే మెస్సీయగా నమ్మినవాళ్లు మరొకరిని ఒప్పుకోలేరు. బార్ కోఖ్బా క్రైస్తవులను కఠినంగా శిక్షించాడని రెండో శతాబ్దపు రచయిత జస్టిన్ రాశాడు.

క్రైస్తవాన్ని 325లో నైసియా సభలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తయారుచేశాడన్నది ఇటీవల నవలలూ సినిమాల వల్ల వ్యాపించిన మాట. పౌలు లేఖలు ఆ సభకు రెండున్నర శతాబ్దాలకు పైగా ముందువి. బైబిల్లో ఏ పుస్తకాలుండాలో సభ తేల్చలేదు. చర్చ ప్రధానంగా కుమారుడైన యేసుకూ తండ్రియైన దేవునికీ గల సంబంధం మీద సాగింది. ఈస్టర్ తేదీని యూదు పంచాంగంతో సంబంధం లేకుండా లెక్కించాలని కూడా నిర్ణయించారు. ఇంత జరిగినా, 386–387లో అంతియొకయలో క్రైస్తవులు యూదుల పండుగలకు సమాజమందిరాలకు వెళ్తున్నారని క్రైస్తవ బోధకుడు యోహాను క్రిసోస్తొము వరుసగా ప్రసంగాలు చేసి గద్దించాల్సి వచ్చింది.