పాడితే కదిలే బొమ్మలు



హైదరాబాదు నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద, ఔటర్ రింగు రోడ్డు వచ్చి కలిసే చోట పెద్ద అంబర్‌పేట్ వుంది. ఎల్.బి. నగర్, హయత్‌నగర్ దాటి రామోజీ ఫిల్మ్ సిటీ చూడబోయే వారందరూ ఆ దారినే పోతారు. అక్కడి కాలనీవారంతా కలిసి ఒక హాలులో చిత్రప్రదర్శన పెట్టారనుకోండి. గోడల నిండా ఒక వృద్ధ చిత్రకారుడు యేళ్ళ తరబడి వేసిన బొమ్మలు. మధ్యన వున్న ఖాళీలో మీ యీడు పిల్లలు పాడటానికీ, ఆడటానికీ సిద్ధంగా నిలబడి వున్నారు. చూడటానికి మీరూ వెళ్ళారు. అప్పుడేం జరుగుతుంది?

డోలక్ మీద మొదటి దెబ్బ పడగానే అందరూ అటు తిరుగుతారు. కుర్చీలు కూడా అటే తిరుగుతాయి. పాపం, గోడ మీది బొమ్మలకు మన వీపులు మాత్రం కనబడతాయి! ఆట అయ్యాక చప్పట్లు కొట్టి, పెట్టిన మిఠాయి తిని, బొమ్మల ముందు నుంచి గబగబా నడిచి ఇంటికి వచ్చేస్తాము. బడి వార్షికోత్సవాలలోనూ ఇదే తంతు. డ్రాయింగులు ఒక గదిలో, డాన్సులు స్టేజి మీద. చాలా యేళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి గనుక, ఆ గది తలుపు తెరిచి వున్నా లోపలికి వెళ్ళేవారు ఎందరో నాకు బాగా తెలుసు.

బొమ్మా పాటా వేరువేరని మనం ఎప్పటి నుంచి అనుకుంటున్నామో గాని, తెలంగాణాలో అవి రెండూ ఒకే విద్యగా కొన్ని వందల యేళ్ళు నడిచాయి. ఆ సంగతి చెబుతాను, వినండి.

జనగామ నుంచి సిద్ధిపేట పోయే దారిలో చేర్యాల అనే వూరు వుంది. అక్కడ బొమ్మలు వేసే కుటుంబాల వారిని నకాషీలు అంటారు. వారు వేసేది మన ఇళ్ళలో మేకుకు తగిలించే పటం వంటిది కాదు. 3 అడుగుల వెడల్పు, 30, 40 అడుగుల పొడుగు వుండే గుడ్డ! ఇంకా పొడుగైనవి కూడా వుండేవి. దాన్ని చాప చుట్టినట్టు చుట్టి పెడతారు. విప్పుతూ పోతే పై నుంచి కిందికి గడులు గడులుగా కథ కనబడుతుంది. గడికీ గడికీ మధ్య పూలతీగల అంచు. ఒక గడిలో రాజు కొలువు తీరి వుంటాడు. దాని కింది గడిలో వేటకు పోతాడు. ఆ కింద యుద్ధం. మీరు చదివే బొమ్మల కథల పుస్తకంలో పేజీలన్నీ ఒకదాని కింద ఒకటి కుట్టినట్టన్న మాట.

అయితే ఇందులో అక్షరాలు లేవు. మరి కథ ఎక్కడ వుంది? కథ పాడేవాడి నోట్లో వుంది.

నకాషీ బొమ్మ వేసేవాడే గాని దాన్ని పట్టుకుని వూరూరా తిరిగేవాడు కాడు. పటం కావాలని వచ్చేవారు కథకులు. వారిలో ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క కులంవారికి వారి పురాణం చెప్పేది. ముదిరాజులకు కాకి పడగలవారు పాండవుల కథ చెబుతారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు - ఇలా ఎవరి కథ వారికి వుంది. ఏయే వూళ్ళలో ఎవరు చెప్పాలో కూడా వంతులు వుండేవి. అదే మిరాశీ. అన్నదమ్ములు వేరు పడితే, పొలం పంచుకున్నట్టు వూళ్ళను కూడా పంచుకునేవారు.

రాత్రి భోజనాలయ్యాక వూరి మధ్య రెండు గుంజలు పాతి పటం కట్టేవారు. ఒకడు చేత పుల్ల పట్టుకుని బొమ్మను చూపిస్తూ పాడతాడు. తక్కినవారు తాళం, మద్దెల వాయిస్తూ వంత పాడతారు. వంత పాడేవారిలో మీ యీడు కుర్రవాడు కూడా వుండేవాడు సుమా! వాడికి అదే బడి. ముందు తాళం, తరువాత వంత, ఆ తరువాత ఎప్పటికో చేతికి పుల్ల. కథ ఒక రాత్రితో అయ్యేది కాదు. కొన్ని రాత్రులు నడిచేది. ఆ రాత్రికి ఎంతవరకు కథో అంతవరకే పటం విప్పుతారు. తక్కినది చుట్టలోనే వుంటుంది. రేపు ఏం జరుగుతుందో అనే ఆత్రం ఆ చుట్టలోనే వుండేదన్న మాట!

ఇప్పుడు కొంచెం సైన్సు చెప్పుకుందాం. అన్ని రాత్రులు విప్పి, అన్ని వూళ్ళకు చుట్టి మోసినా ఆ రంగు ఎందుకు రాలిపోలేదు? మామూలు గుడ్డ మీద రంగు వేస్తే నూలు పోగుల సందుల్లోకి ఇంకి, అంచులు చెదిరిపోతుంది. అందుచేత ముందు సందులు పూడ్చాలి. బియ్యపు గంజి, తెల్ల సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి ఖాదీ గుడ్డకు పూస్తారు. ఆరనిచ్చి మళ్ళీ పూస్తారు. ఇలా మూడుసార్లు పూస్తారు. సుద్ద సందులు పూడుస్తుంది. చింతగింజ దాన్ని పట్టి వుంచుతుంది. చింతపండు పిసికి మనం పారవేసే గింజలో, పొట్టు తీస్తే తెల్లని పప్పు వుంటుంది. దాన్ని నానబెట్టి రుబ్బి నీళ్ళలో ఉడికిస్తే చిక్కని జిగురు అవుతుంది. బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టటానికి కూడా చింతగింజల పొడి వాడతారు. పూత పలచగా వుండాలి. మందంగా పూస్తే గుడ్డ చుట్టేటప్పుడు, ఎండిన చెరువు అడుగులాగా పగుళ్ళు బారుతుంది. మూడు పలచని పూతలు ఒక మందపు పూత కంటే ఎందుకు గట్టివో ఇంటి దగ్గర చేసి చూడండి. పాత చేతిరుమాలు ముక్క చాలు.

ఇక రంగులు. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు, తెలుపుకు శంఖం పొడి, నలుపుకు దీపపు మసి పూర్వం వాడేవారు. ఇప్పుడు ఎక్కువగా కొట్లో దొరికే రంగులే వాడుతున్నారు. ఏ పటం చూచినా బొమ్మల వెనక అంతా ఎర్రగా వుంటుంది. నూనె దీపపు వెలుగులో ఎరుపు, పసుపు పాళ్ళు ఎక్కువ. నీలం పాలు చాలా తక్కువ. ఆ వెలుగులో నీలపు గోడ నల్లబడిపోతుంది, ఎర్ర గోడ నిప్పులా వెలుగుతుంది. కరెంటు లేని వూళ్ళో, ఆఖరు వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా బొమ్మ తెలియాలి కదా! పెద్ద పెద్ద కళ్ళు, పక్కకు తిరిగిన ముఖాలు, దట్టమైన నల్లని గీతలు కూడా అందుకు పనికివచ్చేవే. చిత్రకారుడికి సన్నగా గీయటం చేతకాక అలా గీశాడని మాత్రం అనుకోకండి.

ఇటువంటి పద్ధతి ఒక్క మన దగ్గరే లేదు. రాజస్థానంలో భోపాలు పాబూజీ అనే వీరుడి కథను పెద్ద పటం ముందు రావణహత్తం అనే వాద్యం వాయిస్తూ పాడతారు. భార్య దీపం పట్టుకుని ఏ బొమ్మ కథ వస్తే ఆ బొమ్మ దగ్గరికి దీపం తీసుకుపోతుంది, తానూ పాడుతుంది. బెంగాలులో పటువాలు తామే బొమ్మ వేసి తామే పాడతారు. జపానులో 1930 ప్రాంతాల్లో ఒక తమాషా వుండేది. సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని కథకుడు వీధిలోకి వచ్చి చెక్కలు టకటకా కొట్టేవాడు. పిల్లలు మూగేవారు. వాడు ముందు మిఠాయి అమ్మి, తరువాత పెట్టెలో అట్టబొమ్మలు ఒక్కొక్కటే లాగుతూ కథ చెప్పేవాడు. దాని పేరు కామిషిబాయి. టెలివిజను వచ్చాక వీధుల్లో అది మాయమయింది గాని, అక్కడి బళ్ళలోనూ గ్రంథాలయాలలోనూ ఇప్పటికీ వాడుతున్నారు.

మన దగ్గర ఏం జరిగింది? సినిమా వచ్చింది, రేడియో వచ్చింది, టెలివిజను వచ్చింది. కథకులను పిలిచే వూళ్ళు తగ్గాయి. కథకుడికి పిలుపు లేకపోతే నకాషీకి పని లేదు. చేర్యాలలో కొద్ది కుటుంబాలు మాత్రం మిగిలాయి. అయితే వారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పొడుగు పటం బదులు ఒకటి రెండు గడుల చిన్న పటాలు వేశారు. కొబ్బరి చిప్పల మీదా, రంపపు పొట్టులో అదే చింతగింజల జిగురు కలిపీ ముఖాలు చేశారు. పట్నంవారు కొన్నారు. ధనాలకోట వైకుంఠం గారి వంటి చేర్యాల చిత్రకారులకు జాతీయ పురస్కారాలు వచ్చాయి. చేర్యాల పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే వేరే చోట చేసిన సరుకును ఆ పేరుతో అమ్మరాదు.

ఇదంతా మంచిదే. కాని ఒక్క సంగతి గమనించారా? బొమ్మను కొనుక్కుని సంచిలో పెట్టుకుని పోవచ్చు. పాటను అలా కొనలేము. అందుచేత బొమ్మకు బేరం వచ్చింది, పాటకు రాలేదు. పటం పాతబడి చిరిగితే కథకులు దాన్ని నదిలో కలిపి కొత్తది వేయించుకునేవారు. బొమ్మ పోయినా పాట వుంటుంది గనుక వారికి బెంగ లేదు. ఇప్పుడు తలకిందులయింది. బొమ్మ అద్దం బిగించిన చట్రంలో పదిలంగా వుంది. పాడేవాడి కొడుకు, కూతురు మరో పనిలోకి పోయారు.

దీనివల్ల నష్టమేమిటో ఒక ఉదాహరణ చెబుతాను. పెద్ద అంబర్‌పేట్‌కు ఎంతో దూరం లేని భూదాన్ పోచంపల్లిలో చేనేతవారు చాలామంది పద్మశాలీలు. వారి కథలోని వీరుడు భావనాఋషి. ఆయన తామర తూళ్ళ దారంతో దేవతలకు బట్టలు నేశాడట. పటంలో ఆయన పెద్దపులి మీద ఎక్కి కూర్చుంటాడు. ఆ ఒక్క గడిని చట్రంలో బిగించి గోడకు పెట్టారనుకోండి. చూచినవారు “పులి బాగుంది” అంటారు. నేతగాడు పులినెందుకు ఎక్కాడు? ఆ పులి ఎక్కడిది? అది బొమ్మలో లేదు. పాటలో వుంది.

పాట ఆడినచోటి నుంచే బొమ్మ పుడుతుందనటానికి ఇంకొక వైకుంఠం గారున్నారు. ఇద్దరినీ కలిపివేయకండి! ఈయన తోట వైకుంఠం గారు. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు వూరికి వచ్చే నాటకాలవాళ్ళను కళ్ళప్పగించి చూచేవారు. అందులో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. ఆ రంగులు, ఆ బొట్లు, ఆ నగలు మనసులో నిలిచిపోయాయి. హైదరాబాదులోనూ, తరువాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గరా చదువుకున్నారు. పెద్ద బొట్టుతో, ఎర్ర చీరెతో, నల్లని మెరిసే ముఖంతో ఆయన వేసిన తెలంగాణా స్త్రీలను దేశమంతా ఎరుగుదురు. 1988లో వచ్చిన ‘దాసి’ చిత్రానికి కళాదర్శకుడుగా జాతీయ బహుమతి కూడా అందుకున్నారు. వేషగాళ్ళు ఆ వూరికి రాకపోయివుంటే ఆ పిల్లవాడు ఏం గీసేవాడో ఎవరు చెప్పగలరు!

కాబట్టి మీ కాలనీలో ప్రదర్శన పెట్టేటప్పుడు పెద్దవాళ్ళకు ఒక మాట చెప్పండి. ఆడేవారిని హాలు మధ్యన కాకుండా, బొమ్మ పక్కన నిలబెట్టమనండి. ఒకరు పుల్ల పట్టుకుని చూపించాలి, ఒకరు పాడాలి, ఇద్దరు వంత పాడాలి. చేతిలో మైకు లేకపోతే మరీ మంచిది. పుల్ల పట్టుకోవటానికి ఒక చెయ్యి ఖాళీగా వుంటుంది. దీపాలన్నీ ఆర్పి, పసుపురంగు దీపం ఒక్కటి ఆ బొమ్మ మీద వేయమనండి. నేను ఇందాక చెప్పిన ఎరుపు సంగతి నిజమో కాదో అప్పుడు మీ కంటికే తెలుస్తుంది. పాటలూ, ఆటలూ నేర్చుకోవాలని వుంటే ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషనులో దిగండి. దగ్గరలోనే పబ్లిక్ గార్డెన్సులో జవహర్ బాలభవన్ వుంది.

ఒక చిక్కు వుంది. పూర్వం రాత్రుల తరబడి చెప్పిన కథకు ప్రదర్శనలో మీకు ఇచ్చేది పది నిముషాలు. పటమంతా చెప్పబోతే ఏదీ చెప్పినట్టు కాదు. ఒక్క గడి ఎంచుకోండి. ఎంచుకున్నాక, బొమ్మ వేసిన తాతగారు హాలులోనే ఏదో మూల కుర్చీలో కూర్చుని వుంటారు. అందరూ ఫొటో దిగి వెళ్ళిపోతూ వుంటారే గాని, ఆయనను ఏమీ అడగరు. పూర్వం కథకులు నకాషీ ఇంటికి వచ్చి, పక్కన కూర్చుని కథంతా చెబుతుంటే ఆయన గీసేవాడు. ఆ వరుస ఆయన కుటుంబంలో ఇంకా కొంత నిలిచి వుంటుంది. దగ్గరకు వెళ్ళి, “తాతగారూ, ఈ గడికి ముందు గడిలో ఏం జరిగిందండీ?” అని అడగండి. ఆయన చెప్పటం మొదలుపెడితే మధ్యలో లేవకండి. తాళం వేసే కుర్రవాణ్ణి కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టండి.