రాగి పలకపై మడులు: ఇంట తయారగు ముద్రిత వలయము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో టమాటా తోటను చూడని విద్యార్థి అరుదు. నేలలో తడి ఉన్నదో లేదో తెలుపు చిన్న పరికరమును ఆ విద్యార్థియే చేయవచ్చును. ఎన్‌.పి.ఎన్‌. రకపు బి.సి. 547 ట్రాన్సిస్టరు, ఎల్‌.ఇ.డి. దీపము, రెండు నిరోధకములు, రెండు మేకులు, 6 వోల్టుల బ్యాటరీ చాలును. అయితే వీనిని వట్టి తీగలతో కలిపినచో ఒకటి ముట్టిన మరియొకటి ఊడును. ఈ చిక్కును తీర్చునది ముద్రిత వలయ ఫలకము. ఆస్ట్రియా దేశీయుడైన పాల్ ఐస్లరు 1936 ప్రాంతమున లండనులో ఇట్టి ఫలకముతో రేడియోను నిర్మించెను.

విద్యుత్తును పోనీయని పలకపై పలుచని రాగి రేకును అతికించినదే ఈ ఫలకము. పలక మందము సాధారణముగా 1.6 మి.మీ.; రేకు మందము 35 మైక్రానులు మాత్రమే. ఇంత పలుచని రేకు చాలునా? 10 సెం.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పు గల రాగి దారి నిరోధము సుమారు 0.05 ఓము. మన దీపమునకు కావలసిన 8 మిల్లీ ఆంపియరులు అందు ప్రవహించినపుడు తగ్గు వోల్టేజి 0.4 మిల్లీవోల్టు. కావున నిశ్చయముగా చాలును.

కలంకారిలో మైనము పూసినచోట నీలిరంగు పట్టదు. అట్లే కావలసిన రాగిని లక్కవంటి పూతతో కప్పి, తక్కినదానిని ఫెర్రిక్ క్లోరైడు ద్రావణములో కరిగించుట ఒక పద్ధతి. కాని వాడిన ద్రావణములో రాగి లవణములుండును. దానిని కాలువలో పారబోయుట చేపలకు, నేలకు హానికరము. పాఠశాలకు కత్తితో కోయు పద్ధతియే మేలు.

ఒకే బిందువున కలియవలసిన కాళ్లన్నియు ఒక మడి. మన వలయమునకు ఆరు మడులు చాలును:

1. బ్యాటరీ ధనధ్రువము, మొదటి మేకు, 470 ఓముల నిరోధకపు ఒక కొన.
2. ఆ నిరోధకపు రెండవ కొన, దీపపు ధనకాలు.
3. దీపపు ఋణకాలు, కలెక్టరు.
4. బేసు, 10,000 ఓముల నిరోధకపు ఒక కొన.
5. దాని రెండవ కొన, రెండవ మేకు.
6. ఎమిటరు, బ్యాటరీ ఋణధ్రువము.

మడుల హద్దులవెంట ఉక్కు స్కేలు ఆనించి, 1 మి.మీ. ఎడముతో రెండు గీతలను పదునైన కత్తితో పలుమార్లు గీయవలెను. ఆ సన్నని పట్టీని సోల్డరింగ్ ఐరనుతో వేడిచేసినచో జిగురు మెత్తబడును, పట్టకారుతో లాగివేయవచ్చును. పిమ్మట కాళ్లను రాగిపైననే అతికించిన రంధ్రముల పని లేదు.

తడినేలలో మేకుల మధ్య ప్రవహించు స్వల్ప విద్యుత్తు బేసును చేరి దీపమును వెలిగించును. నేల ఎండిన దీపము ఆరును. మూడవ, ఆరవ మడుల నడుమ వెంట్రుకంత రాగిపోగు మిగిలినను దీపము ఎండునేలలో సైతము వెలుగుచుండును. దానిని నమ్మిన రైతు తోటకు నీరు పెట్టడు! కావున భాగములను అతికించుటకు ముందే ప్రక్కప్రక్క మడులను మల్టీమీటరుతో పరీక్షింపవలెను. మేకులు త్వరగా తుప్పు పట్టకుండ, చూచిన వెంటనే బ్యాటరీని తీసివేయవలెను.

కుప్పము గ్రానైటు కోయువారికి రాతిధూళి ఎంత హానికరమో తెలియును. గాజునార పలక ధూళియు ఊపిరితిత్తులకు మంచిది కాదు. తిరుగుడు యంత్రముతో కోయువారు ముక్కుకు, కంటికి రక్షణ ధరింపవలెను. పిల్లలకు ఫినాలిక్ కాగితపు పలక, చేతికత్తి చాలును. ఇంటి 230 వోల్టుల విద్యుత్తును ఇట్టి ఫలకమునకు ఎన్నడును కలుపరాదు.