చెక్కుపై రెండో సంతకం ఎవరిది?

ఉప్పునుంతల మండలం అచ్చంపేట శాసనసభ నియోజకవర్గంలో, నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం పరిధిలో ఉంది. రెండూ ఎస్సీలకు రిజర్వు చేసిన స్థానాలే. పంచాయతీల్లో రిజర్వేషన్ల వంతును బట్టి దళిత, గిరిజన సర్పంచులూ ఎన్నికవుతున్నారు. ప్రాతినిధ్యం లెక్కన చూస్తే పాలమూరులోని ఈ మూలకు సామాజిక న్యాయం నిండుగా అందినట్టే తోస్తుంది. అయితే ఊరిలో అధికారాన్ని కొలవవలసిన చోటు మరొకటి ఉంది. అది పంచాయతీ పద్దు.

వ్యవసాయం, వలస కూలీ మీద బతికే మండలంలో ఇంటి పన్ను, నల్లా బిల్లుల రాబడి స్వల్పం. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు, ట్రాక్టర్ ఖర్చు దానిని ముందే మింగేస్తాయి. ఇక ఆధారం ఆర్థిక సంఘం నిధులు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. మిగిలిన 40 శాతమే పాలకవర్గం ఇష్టానుసారం వాడుకోదగినది. ఆ 60 శాతంలోనూ మురుగు కాలువ ఏ వీధిలో మొదలై ఏ వీధిలో ఆగుతుందన్నది పాలకవర్గమే తేల్చాలి. ఊరి మధ్య మొదలైన కాలువ వాడ మొదట్లో ఆగిపోతే పైవీధుల మురుగంతా వాడలో నిలుస్తుంది. పనుల వరుసక్రమంలో కులం దాగి ఉండే తీరు ఇదే.

గ్రామాన్ని రాజ్యాంగానికి పునాదిగా చేయాలన్న వాదనను 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ తిరస్కరించారు. ఊరిలోని దొంతర్లు ఆయనకు తెలుసు. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ ఆ భయానికి రిజర్వేషన్ రూపంలో జవాబు చెప్పజూసింది. సర్పంచ్ పదవి, వార్డులు రిజర్వు అయ్యాయి. ఉపసర్పంచ్ పదవి మాత్రం కాలేదు. వార్డు సభ్యుల్లో నుంచే ఆ వ్యక్తిని ఎన్నుకుంటారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం-2018 దరిమిలా చెక్కుల మీద సర్పంచుతో పాటు ఉపసర్పంచ్ సంతకమూ తప్పనిసరైంది. అంతకుముందు రెండో సంతకం కార్యదర్శిది. దుర్వినియోగాన్ని అరికట్టడం ఉద్దేశమే కావచ్చు. కానీ దళిత మహిళ సర్పంచ్ అయిన ఊరిలో భూమి, బలగం ఉన్న కులం ఉపసర్పంచ్ పదవితో సరిపెట్టుకుంటే చాలు, ఖజానా తాళంచెవి సగం దాని చేతికి వచ్చినట్టే. తీర్మానాన్ని ఓడించనక్కరలేదు, సంతకాన్ని ఆలస్యం చేస్తే సరిపోతుంది.

రెండో అడ్డంకి పెట్టుబడి. పని ముందు, బిల్లు తరువాత అన్నది పంచాయతీల్లో పాతుకుపోయిన పద్ధతి. చేతిలో సొమ్మున్న సర్పంచ్ నెలల తరబడి ఆగగలడు. కూలి చేసుకుని గెలిచినవాడు అప్పుకు మళ్లీ ఊరి పెద్ద గడపే ఎక్కాలి. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులు పాలించారు. పెండింగు బిల్లుల కోసం మాజీ సర్పంచులు రోడ్డెక్కవలసి వచ్చింది. ఆ అప్పుల వడ్డీ అందరికీ భారమే. భూమి లేనివారికి అది కూలిపోయేంత భారం.

చట్టం తలచుకుంటే పద్దును కట్టడి చేయలేదా అంటే, చేయగలదు. అదే 2018 చట్టం పంచాయతీ బడ్జెట్‌లో పదో వంతును హరిత బడ్జెట్‌గా కేటాయించమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే పదవి పోయే నిబంధనా పెట్టింది. మండల, జిల్లా పరిషత్తుల సాధారణ నిధుల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం కేటాయించాలన్న నియమం అంతకంటే పాతది. ఆ వాటా ఖర్చు కాకపోతే పదవి పోతుందన్న భయం ఎవరికీ లేదు. రాష్ట్ర శాఖల విషయంలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏటికి బదలాయించమంటోంది. గ్రామ పద్దుకు ఆ పాటి రక్షణ అయినా ఉండవద్దా?

కేరళ 1996లో ప్రజా ప్రణాళికను ఆరంభించి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. దళిత ఉపప్రణాళిక నిధులను విడిగా లెక్కగట్టి ఇచ్చింది. అక్కడా లోపాలున్నాయి. అయినా వాటా ఎంతో ముందే తెలిస్తే అడిగే గొంతుకు ఆధారం దొరుకుతుంది.

కొత్త పాలకవర్గాల ముందు కోరవలసినవి స్పష్టమే. వాడ, తండా, చెంచుగూడెం వాటా పద్దులో విడి ఖాతాగా ఉండాలి. రెండు నెలలకోసారి జరపవలసిన గ్రామసభల్లో కొన్నింటినైనా వాడలోనే పెట్టి, ఆ ఖాతాను చదివి వినిపించాలి. తీర్మానం పొందిన పనికి గడువులోగా సంతకం పడకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. సర్పంచ్ పదవి రిజర్వు అయిన చోట రెండో సంతకం ఎవరికి ఉండాలన్నది శాసనసభ పునరాలోచించాలి.

ఓటు ఐదేళ్లకోసారి పడుతుంది. చెక్కు మీద సంతకం నెలనెలా పడాలి. ఈ రెంటి మధ్య దూరం తగ్గనంత కాలం రిజర్వేషన్ ఫలం వాడ గడప దాకా రాదు.