సిగ్నల్ అందని ఊళ్లో సపోర్ట్ గ్రూప్: ఏ ఫీచర్ పనికొస్తుంది?

తలసేమియా మేజర్ ఉన్న పిల్లలకు 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ జీవితాంతం. అందుకే మా ఖమ్మం వైపు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా వినిపించే మాట "ఓ పాజిటివ్ ఎక్కడ దొరుకుద్ది?" భద్రాచలం దాటి చర్ల అడవుల వైపు వెళ్తే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. వీడియో కాల్ సంగతి మర్చిపోండి. వాయిస్ నోట్ పెట్టి వదిలేస్తే నెట్ తగలగానే అదే వెళ్లిపోతుంది, చదవడం రానివాళ్లూ వింటారు. రక్తం గ్రూపు, తేదీ, ఆసుపత్రి ఉన్న మెసేజ్‌ని 7 రోజులకు పిన్ చేయండి. లేదంటే గుడ్ మార్నింగ్ ఫొటోల కింద పడిపోద్ది!

నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఎవరిదో హైడ్రాక్సీయూరియా డోసు ఫార్వర్డ్ చేయడం. అది బరువు, రక్త పరీక్షలు చూసి డాక్టర్ రాసేది. మీరు అడ్మిన్ అయితే వేరేవాళ్ల మెసేజ్‌నైనా అందరికీ డిలీట్ చేయొచ్చు. ఆ ఆప్షన్ వాడండి బాస్.