మొసలి కాని మొసలి

ఖరగ్‌పూర్ అనగానే తెలుగువారికి రైల్వే కార్ఖానా, అందులో పనికై వెళ్ళి తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు స్మరణకు వస్తాయి. ఆ పట్టణం చెంతనే హిజ్లీలో, ఒకప్పుడు స్వాతంత్ర్య యోధులను బంధించిన నిర్బంధ శిబిరంలో, 1951లో మన తొలి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. ఆ విద్యాసంస్థ పేరును నేడు ఒక అంతరించిన సరీసృపం కూడా మోస్తున్నది. మధ్యప్రదేశ్‌లోని టికీ శిలాస్తరాలలో దొరికిన ఎముకలను పరిశీలించి, అక్కడ పరిశోధన చేసిన దేబజిత్ దత్తా, ఆచార్యురాలు సంఘమిత్ర రే 2023లో దానికి ‘కొలొసోసూకస్ టెక్నియెన్సిస్’ అని నామకరణం చేశారు. దాని పొడవు 8 మీటర్లకు పైమాటే.

చూపరులకు అది అచ్చంగా మొసలి. పొడవైన మూతి, వాడి పళ్ళు, వీపుపై ఎముక పలకలు, నీటి అంచున మాటువేసే బతుకు. కాని మొసలికి ముక్కురంధ్రాలు మూతి కొనన ఉంటే, దీనికి తలపైన, కళ్ళకు కాస్త ముందుగా ఉన్నాయి. ఇది ఫైటోసార్ల వర్గానికి చెందినది. మొసళ్ళకు దూరపు బంధువే గాని పూర్వీకురాలు కాదు. ‘ఫైటోసార్’ అంటే మొక్కల బల్లి. తొలి శిలాజంలో గట్టిపడిన బురదముద్దలను చూసి శాకాహారి పళ్ళని భ్రమించిన ఫలితమిది! పొరపాటని తేలినా పేరు మారలేదు. ఈ వర్గం సుమారు 20 కోట్ల సంవత్సరాల క్రితమే నశించింది. నేటి మొసళ్ళు వచ్చినది ఆ తరువాత కోట్లాది సంవత్సరాలకు. కనుక ఎవరు ఎవరిని పోలియున్నారన్న ప్రశ్నకు జవాబు తలక్రిందులవుతుంది. ఒకే విధమైన జీవనం వేర్వేరు వంశాలకు ఒకే రూపాన్ని దిద్దింది.

ఈ వర్గపు మరొక జీవి మన గోదావరి లోయది. పూర్వపు అదిలాబాదు జిల్లాలోని మలేరి స్తరాలలో దొరికిన మూతి ముక్క ఆధారంగా 1885లో లిడెక్కర్ ‘పారాసూకస్ హిస్లోపీ’ని వర్ణించాడు. ఆ ముక్క ఏ ఫైటోసార్‌దైనా కావచ్చునన్న ఆక్షేపణ రాగా, ఆ పేరు నిలుచునా అన్నదే సందేహమైంది. అదే లోయలో కలకత్తా గణాంకశాస్త్ర సంస్థవారు సేకరించిన సంపూర్ణ అస్థిపంజరాలను శంకర్ ఛటర్జీ 1978లో వివరంగా వర్ణించారు. వాటిలో ఒకదానిని 2003లో అంతర్జాతీయ జంతునామ సంఘం ఆ జాతికి ప్రమాణ నమూనాగా ఆమోదించింది. పేరు దక్కింది.

పక్కపక్కనే పడియున్న ఆ జంట అస్థిపంజరాల కడుపులలో వేరొక చిన్న సరీసృపం ఎముకలు కనిపించాయి. అదీ శాస్త్రానికి కొత్తదే. మలేరి పేరిటనే దానిని ‘మలేరిసారస్’ అన్నారు.